డ్యూటీ దిగని పిల్లి

గోదావరిఖని,
జూలై 1

ప్రసూన మేడం గారికి, ఖని నుంచి సదయ్య దండం పెట్టి రాస్తున్నది.

మంచిర్యాలకు వచ్చే షేర్ ఆటోల, డ్రైవర్ సీటు వెనుక మీ కాయితం అతికేసి ఉన్నది. "పిల్లి కావాల్సినవాళ్ళు చేత్తో ఉత్తరం రాయండి. ఫోన్ చేస్తే ఎత్తము. ఉత్తరం రాసే ఓపిక లేనివాళ్ళకు పిల్లిని పెంచే ఓపిక ఉండదు" అని రాసిండ్రు. చదివి మస్తు ఖుషీ అయిన. నాకు ఫోన్లో ఏం వినపడదు. పన్నెండేండ్లు బొగ్గుబాయిల డ్రిల్లు పట్టిన, చెవులు అక్కడనే పోయినయి. తర్వాత నన్ను పైకి తెచ్చి ల్యాంపు రూముల కూసోపెట్టిండ్రు. దిగేటోళ్ళకు తలకు కట్టుకునే లైట్లు ఇచ్చుడు, ఎక్కినోళ్ళ దగ్గర తీసుకునుడు. ఇరవై ఆరేండ్లు అదే పని. ఫిబ్రవరిల రిటైరైన.

నాకు ఒక పిల్లి కావాలె. రంగు ఏదైనా ఫికర్ లేదు. ఇంట్ల ఇద్దరం, నేను, మా ఇంటామె అనసూర్య. క్వార్టర్ ఆగస్టు ముప్పై ఒకటికి ఖాళీ చేసి తాళంచెవులు ఆఫీసుల ఇయ్యాలె. ఆ తర్వాత గోలివాడల ఒక రెండర్రల ఇంటికి పోత. పోయేలోపల పిల్లి ఒక్కసారన్న ఈ క్వార్టర్లకు రావాలె. ఎందుకని అడుగకుండ్రి, అది ఇంటి ముచ్చట.

ఒక మాట ముందే అడుగుత. మీ దగ్గర పిల్లులు ఏ షిఫ్టువి? నాకైతే ఫస్టు షిఫ్టుది కావాలె. పొద్దున ఏడింటికి పోయి మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చేది. నైటు షిఫ్టు పిల్లి అయితే నాతోటి కాదు.

ఇట్లు,
ల్యాంపు రూము సదయ్య, నంబరు 1146

తా.క.: మా ఇంట్ల ఎలుకలు లేవు. ఉన్నా పట్టాలని జబర్దస్తీ ఏం లేదు. రిటైరైనంక నేను మాత్రం ఏం పడుతున్న.


మంచిర్యాల,
జూలై 5

శ్రీ సదయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. దస్తూరి గుండ్రంగా ఉంది, కొట్టివేతలు లేవు, అందుకు రెండు మార్కులు వేశాను. నేను ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. మా నాన్నగారు ఉద్యోగం కోసం తెనాలి నుంచి ఈ బొగ్గు ఊళ్ళకు వచ్చారు, నేను ఇక్కడే పెరిగి ఇక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు మా ఇంట్లో పదకొండు పిల్లులున్నాయి. అన్నీ ఎవరో ఒకరు ముచ్చటపడి తెచ్చుకుని, ముచ్చట తీరాక గోదావరి వంతెన దగ్గర వదిలేసినవే, ఒక్కటి తప్ప. అందుకే అడిగిన ప్రతివాళ్ళకీ పిల్లిని ఇవ్వను.

ఇందులో దరఖాస్తు ఫారం ఉంది. ఇరవై ఒక్క ప్రశ్నలు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళందరూ సంతకం పెట్టాలి. మీ శ్రీమతి సంతకం లేకుండా పిల్లి గడప దాటదు.

దీనికి ముందు ప్రాక్టీసు ఉంది. పదిహేను రోజులు పిల్లి లేకుండా పిల్లిని పెంచాలి. రోజూ ఒకే వేళకు గిన్నెలో పాలు పొయ్యాలి. ఒక తట్టలో ఇసుక, ఒక మూల మెత్త పెట్టాలి. పిల్లి ఉన్నట్టే మెలగాలి. ప్రతిరోజూ పట్టిక రాయాలి. చాలామంది నాలుగో రోజుకే మానేస్తారు. పిల్లి లేనప్పుడే విసుగొచ్చినవాళ్ళకు పిల్లి వచ్చాక ఎంత విసుగొస్తుందో మీరే ఆలోచించండి.

నియమాలు వెనకవైపు ఉన్నాయి. తొమ్మిదోది ముఖ్యం: పిల్లికి టీ పొయ్యకూడదు. మీ వైపు అందరూ పోస్తారని నాకు తెలుసు.

ఉంటాను,
ప్రసూన

తా.క.: పిల్లులకు షిఫ్టులుండవు. ఉన్నా అవి మనకు చెప్పవు.


గోదావరిఖని,
జూలై 12

మేడం గారికి సదయ్య దండాలు.

ఎనిమిదో తారీకు నుంచి ప్రాక్టీసు మొదలువెట్టిన. పట్టిక కోసం ల్యాంపు రూము పాత రిజిస్టర్ల మిగిలిన కాయితాలు కుట్టుకున్న. మొదటి దినం మూడింటికి పాలు పోసిన, ఆరింటికి అట్లనే ఉన్నయి, మల్లెచెట్టుకు పోసిన. రెండో దినం అట్లనే. మూడో దినం మూడింటికి పోసిన, మూడూ ఇరవైకి గిన్నె ఖాళీ. నాలుగో దినం ఖాళీ. ఇసుకల గీతలున్నయి. అంటే ప్రాక్టీసు మంచిగ నడుస్తున్నది అనుకుంటున్న.

పక్క క్వార్టర్ రాజం వచ్చి చూసిండు. "పిల్లి యాడున్నది సదయ్యా?" అన్నడు. "ఇంకా రాలే" అన్న. "మరి పాలెవరికి?" అన్నడు. "దానికే" అన్న. దవాఖానల చూపెట్టుకో అన్నడు. చెవులకా అంటే కాదని తలకాయ చూపెట్టిండు.

మీ ప్రశ్నలకు జవాబులు ఫారం మీద రాసిన. కొన్ని ఇక్కడ గూడ రాస్తున్న.

నాలుగు, కోపమొస్తే ఏం చేస్తరు: చెవుల మిషిన్ తీసి పక్కకు పెడత. తర్వాత ఎవరు ఏమన్నా నాకు సంబంధం లేదు.

ఏడు, రోజుకు ఎన్ని గంటలు ఇంట్ల ఉంటరు: ఇరవై నాలుగు. చాయ్‌పత్త అయిపోయిన్నాడు ఇరవై మూడున్నర.

పదకొండు, పిల్లి మిమ్మల్ని పట్టించుకోకపోతే: లైటు తీసుకునేటోడు ఎవడూ ఇరవై ఆరేండ్లల్ల నా మొఖం చూడలే. అలవాటే.

పదిహేను, పిల్లి ఇంటికి రాకపోతే ఎంతసేపు ఎదురుచూస్తరు: ఈ ప్రశ్న ఎందుకు పెట్టిండ్రో సమజ్ కాలే. వచ్చేదాక.

అనసూర్య సంతకం ఇప్పుడు కాదు. ఇంకా డ్యూటీ దిగలే. దిగినంక పెట్టిస్త.

ఇట్లు,
సదయ్య, 1146

తా.క.: మూలకు పెట్టిన మెత్త మీద గుంట పడ్డది. చెయ్యి పెట్టి చూసిన, వెచ్చగున్నది. ఎండ ఆ మూలకు రాదు.


మంచిర్యాల,
జూలై 16

సదయ్య గారికి,

మీ పట్టిక చూసి కోపం వచ్చింది. నా దగ్గర తీసి పక్కన పెట్టే మిషను కూడా లేదు.

లెక్క ప్రకారం మీ ఇంట్లో పిల్లుల సంఖ్య సున్నా. సున్నా పాలు తాగదు. కాబట్టి నాలుగు దారులే ఉన్నాయి. ఒకటి, మీకు ముందే పిల్లి ఉంది, దాచిపెట్టి ఇంకొకటి అడుగుతున్నారు. రెండు, వీధి పిల్లి ఏదో దూరుతోంది. మూడు, ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడు ఇల్లు అదిరి గిన్నె ఒరుగుతోంది. నాలుగు, ఇంట్లో మనుషులే తాగుతున్నారు. మీ శ్రీమతి తాగుతుంటే ఆవిడ ఆరోగ్యానికి మంచిదే, కానీ అది నా పట్టికలో రాయకూడదు.

అసలు ఆవిడ ఏం డ్యూటీ చేస్తున్నారు? ఫారం అందినప్పటి నుంచి మీరు ఉత్తరం ముగించేదాకా ఆవిడ డ్యూటీ దిగనే లేదన్నారు. కేంటీనా, ఆఫీసా? ఈ వయసులో ఆడమనిషిని అంతసేపు పనిచేయనిచ్చి, మీరు ఇంట్లో లేని పిల్లికి పాలు పోస్తూ కూర్చోవడం నాకు నచ్చలేదు. కాస్త ఆవిడకి వండిపెట్టండి.

ఉంటాను,
ప్రసూన

తా.క.: మా దగ్గర నంబరమ్మ అని ఒక బూడిదరంగు పిల్లి ఉంది. వారం రోజులుగా సాయంత్రం తిండి ముట్టడం లేదు. జబ్బేమో అని పొట్ట తడిమితే నిండుగా ఉంది. మూతి దగ్గర పాల మరక. ఈ వీధిలో దానికి పాలు పోసేవాళ్ళెవరో కనిపెట్టాలి.


గోదావరిఖని,
జూలై 20

మేడం గారికి,

మీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం తినలే. ల్యాంపు రూముల ఇరవై ఆరేండ్లు చేసిన. ఒక్క దొంగ ఎంట్రీ లేదు. ఎక్కని మనిషిని ఎక్కిండని రాయలే, దిగని మనిషిని దిగిండని రాయలే. పాలు నేను తాగి పిల్లి పేరు మీద రాస్తనా?

అయినా మీరు అడిగిండ్రు కాబట్టి పరీక్ష చేసిన. తలుపులు పెట్టి గొళ్ళాలు వేసిన. కిటికీలకు దోమల జాలీ ఉన్నది, మోరీకి రాయి అడ్డం పెట్టిన. పొయ్యి బూడిద జల్లెడ పట్టి గిన్నె చుట్టూ, అర్రంత పల్చగ చల్లిన. మూడింటికి పాలు పోసి, బయట గడప మీద కూసున్న. రాజంను గూడ కూసోపెట్టిన, సాక్ష్యం ఉండాలె గద. మూడూ ఇరవైకి తలుపు తీసినం.

గిన్నె ఖాళీ. బూడిదల పిల్లి అడుగులున్నయి మేడం. తలుపు దిక్కు నుంచి రాలే, కిటికీ దిక్కు నుంచి రాలే. గోడకు మా మేకుల చెక్క ఒకటి ఉంటది, దాని కిందినుంచి మొదలైనయి. గిన్నె దాక పోయినయి. వాపసు వచ్చిన అడుగులు లేవు.

రాజం చెప్పులు చేతుల పట్టుకొని పోయిండు. అప్పటిసంది చక్కెరకు మా ఇంటికి రావట్లే. ఒక తీరుగ మంచిదే అయింది.

అనసూర్య పాలు తాగదు. ఆమెకు చాయ్ ఒక్కటే, అల్లం దంచి వేసి, చక్కెర జరంత. పాల వాసన పడదు. ఇంటికొచ్చినంక సంతకం పెడతదని చెప్పిన గద. జల్ది చెయ్యకుండ్రి.

ఇట్లు,
సదయ్య, 1146

తా.క.: ఫారం చెక్క కింద అల్మారిల పెట్టిన. ఇయ్యాల తీసి చూస్తే అనసూర్య సంతకం జాగల నల్లగ పిల్లి అడుగు పడి ఉన్నది. నేను పెట్టలే. చెరిపితే చిరుగుతదని అట్లనే పంపుతున్న. ఇది నడుస్తదా?


మంచిర్యాల,
జూలై 25

సదయ్య గారికి,

నడవదు. వేలిముద్ర చెల్లుతుంది, పిల్లి ముద్ర చెల్లదు. పిల్లి తనను తాను పెంచుకోవడానికి తనే ఒప్పుకున్నట్టవుతుంది.

పై మాట ధైర్యంగానే రాశాను గానీ, మీ ఫారం తెచ్చి బల్ల మీద పెట్టినప్పటి నుంచి మా పిల్లులు ఆ గదిలోకి రావడం లేదు. నంబరమ్మ ఒక్కతే వచ్చి దాని మీద పడుకుంటోంది. ఆ ముద్ర బొగ్గుపొడితో పడింది. నేను ఈ ఊళ్ళలోనే పుట్టి పెరిగాను, బొగ్గును గుర్తుపట్టలేనా.

నేను దయ్యాలను నమ్మను. లెక్కలు చెప్పినదాన్ని. కానీ ఒక లెక్క తప్పు వచ్చినప్పుడు ఎక్కడో ఒక అంకె మనకు చెప్పకుండా దాచారని అర్థం. ఆ అంకె మీ దగ్గరే ఉంది. మీ శ్రీమతి షిఫ్టు ఎన్ని గంటలకు ముగుస్తుంది? ఏ రోజున ముగుస్తుంది? సూటిగా రాయండి. రాయకపోతే మీ దరఖాస్తు ఇంతటితో సరి.

ఇందులో ఒక చిన్న కవరు ఉంది. అది ఆవిడకి. మీరు తెరవకూడదు. అందులో ఒకే ఒక్క ప్రశ్న రాశాను.

ఉంటాను,
ప్రసూన

తా.క.: నంబరమ్మ కాళ్ళు నల్లగా ఉన్నాయి. సబ్బుతో కడిగాను. మర్నాడు మూడున్నరకు చూస్తే మళ్ళీ నల్లగా ఉన్నాయి. గేటు వేసే ఉంది. మా వీధిలో బొగ్గు లేదు, అందరివీ గ్యాసు పొయ్యిలే.


గోదావరిఖని,
జూలై 30

ప్రసూనమ్మకు,

మేడం అని రాయబుద్ధి కాలే. సూటిగ రాయమన్నరు, రాస్తున్న.

బాయిల దిగే ప్రతి మనిషికి ఒక నంబరు ఉంటది, ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటది. దిగేటప్పుడు బిళ్ళ తీసుకొని పోతడు. ఎక్కినంక తెచ్చి తన మేకుకు తగిలిస్తడు. షిఫ్టు అయిపోయినంక నేను చెక్క చూస్త. అన్ని మేకులకు బిళ్ళలుంటే అందరు వచ్చిండ్రన్నట్టు. ఒక్క మేకు ఖాళీగున్నా ఒక మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. అప్పుడు రిజిస్టర్ ముయ్యొద్దు. వాడు వచ్చేదాక కూసోవాలె.

నేను ల్యాంపు రూముకు వచ్చిన కొత్తల అనసూర్య నన్ను ఎక్కిరించింది. "బాయిల అందరి లెక్క పెడతవు, నేను అంగడికి పోయి వచ్చిన్నో లేదో నీకు తెల్వదు" అన్నది. సరే అని ఇంట్ల గూడ ఒక చెక్క పెట్టిన. రెండు మేకులు. నా నంబరు 1146, అందుకే ఆమెకు 1147 అని ఒక ఇత్తడి బిళ్ళ కొట్టించిన. నవ్వులాటకు పెట్టింది, ఇరవై నాలుగేండ్లు నడిచింది. కూరగాయలకు పోయినా బిళ్ళ కొంగుకు కట్టుకొని పోయేది, వచ్చి తగిలించేది.

రెండేండ్ల కింద మంచిర్యాల దవాఖానల చేర్పించినం. పోయేటప్పుడు బిళ్ళ తీసుకొని పోయింది. పదకొండు దినాలున్నది. పన్నెండో దినం నాది ఫస్టు షిఫ్టు. సెలవు అడిగిన, ఇచ్చిండ్రు గూడ. కానీ నా బదులు వచ్చేటోడు రాలే. ల్యాంపు రూము ఒక్కటే ఇడిచిపెట్టి ఎట్ల పోత, రెండు వందల మంది లోపలున్నరు. మూడింటికి అందరు ఎక్కిండ్రు, అందరి బిళ్ళలు చూసిన, బస్సెక్కిన. ఆమె సరిగ్గ మూడింటికే పోయిందట. రెండు వందల మందిని లెక్క వెట్టి ఇంటికి పంపిన, ఒక్క మనిషి దగ్గర ఉండలేకపోయిన.

గాజులిచ్చిండ్రు, చెప్పులిచ్చిండ్రు. బిళ్ళ లేదు. దవాఖాన అంత వెతికిన.

నేను మీకు అబద్ధం రాయలే అమ్మా. మేకు ఖాళీగున్నది, అందుకే డ్యూటీ దిగలే అని రాసిన. ఇరవై ఆరేండ్లు అట్లనే రాసిన, ఇంకో తీరుగ రాసుడు నాకు చేతకాదు. ఇప్పుడు ఆగస్టు ఆఖరుకు ఆ చెక్క పీకాలె. ఖాళీ మేకును ఎట్ల పీకుత?

ఇరవై ఏండ్లు ఒక పిల్లి కావాలని అడిగింది. నేను ఒద్దన్న. పిల్లికి బిళ్ళ ఉండదు, ఎప్పుడు పోతదో ఎప్పుడు వస్తదో లెక్క ఉండదు, నాతోటి కాదు అన్న. దవాఖానల గూడ అదే మాట. "నేను వచ్చేవరకు ఒక పిల్లిని తెచ్చుకో, ఒక్కడివి ఉండలేవు" అన్నది. చూద్దాంలే అన్న. పిల్లిని పెంచేటందుకు నేను తయారుగున్ననో లేదో నాకు తెల్వదు. మీరే చెప్పాలె.

ఇట్లు,
సదయ్య, 1146

తా.క.: మీ కవరు ఆమె మేకు కింద పెట్టిన. నేను తెరవలే. ఇయ్యాల చూస్తే తెరిచి ఉన్నది. కత్తెరతోటి కాదు, పండ్లతోటి.


మంచిర్యాల,
ఆగస్టు 4

సదయ్య అన్నయ్య గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వండిపెట్టండి అని రాసినందుకు సిగ్గుగా ఉంది. మన్నించండి.

నంబరమ్మకు ఆ పేరు ఎందుకు పెట్టానో మీకు చెప్పలేదు. వదిలేసిన పిల్లి కాని ఒక్క పిల్లి అదే. రెండేళ్ళ కిందట మా చెల్లెల్ని చూడటానికి దవాఖానకు వెళ్ళినప్పుడు గేటు బయట కనిపించింది. మెడలో చీర అంచు చింపి పేనిన తాడు, ఆ తాడుకు ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నాలుగు అంకెలు. మున్సిపాలిటీ వాళ్ళు కట్టారేమో అనుకున్నాను. ఆ అంకెలు 1147. మీరు ప్రతి ఉత్తరం కింద 1146 అని రాస్తుంటే క్వార్టర్ నంబరనుకున్నాను. లెక్కల టీచరునై ఉండి పక్కపక్కన ఉన్న రెండు అంకెలను కలిపి చూడలేకపోయాను.

నిన్న దవాఖానకు వెళ్ళి ఆయా పూలమ్మను అడిగాను. ఆమెకు గుర్తుంది. "ఆరో నంబరు బెడ్డు అక్క కట్టింది. కిటికీల నుంచి వచ్చే పిల్లికి రోజు చాయ్‌ల బిస్కెట్ ముంచి పెట్టేది. ఆఖరు దినం తాడు కట్టి, నేనైతే పోయేటట్టు లేను, ఇదన్న ఇల్లు చేరుతది అన్నది" అని చెప్పింది.

ఇంకో మాట చెప్పాలి, చెప్పడానికి చెయ్యి రావడం లేదు. నాకు దొరికిన మొదటి నెలంతా ఆ పిల్లి రోజూ గోదావరి వంతెన వైపు నడిచేది. లారీల కింద పడుతుందని ఎత్తుకొచ్చేదాన్ని. నాలుగుసార్లు తెచ్చాక గేటుకు జాలీ కొట్టించాను. ఇంటికి పోతున్నదాన్ని రెండేళ్ళు నేనే ఆపాను అన్నయ్యా. ఒక్కసారి వదిలి ఉంటే మీ మేకు ఎప్పుడో నిండేది.

మీ దరఖాస్తు మంజూరు చేశాను. పదిహేనో ప్రశ్నకు "వచ్చేదాక" అని రాసినవాళ్ళు ఇన్నేళ్ళలో మీరొక్కరే. 12వ తేదీ మంగళవారం మధ్యాహ్నం బస్సు డ్రైవర్ భూపాల్ చేతికి నంబరమ్మను అట్టపెట్టెలో పెట్టి ఇస్తాను. మూడింటికల్లా మీ గుమ్మం దగ్గర ఉంటుంది. బిళ్ళ మెడలోనే ఉంటుంది, మీరే విప్పుకోండి.

మీ చెల్లెలనుకోండి,
ప్రసూన

తా.క.: ఆ కవరులోని కాగితం దొరికితే పంపండి. నాకు చూడాలని ఉంది, చూడకూడదనీ ఉంది.


గోదావరిఖని,
ఆగస్టు 12

చెల్లె ప్రసూనమ్మకు సదయ్య రాస్తున్నది.

వచ్చింది.

రెండున్నర నుంచి గడప మీద కూసున్న. తలుపు బార్ల తీసిన. మూడింటికి లోపలికి పోయి పాలు తెద్దామని లేచి తిరిగేసరికి, ఇంట్లనే, చెక్క కింద కూసొని ఉన్నది. నా పక్కనుంచి ఎప్పుడు పోయిందో చూడలే, చెవులైతే ఎటూ లేవు. బూడిదరంగు. నన్ను చూసి లేవలే. పైకి, ఖాళీ మేకు దిక్కు చూసింది.

తాడు గుర్తుపట్టిన అమ్మా. ఆకుపచ్చ చీర అంచు, నేను శ్రీరాంపూర్‌ల కొన్న చీర. ముడి ఎట్ల విప్పిన్నో యాదికి లేదు. బిళ్ళ తీసి 1147 మేకుకు తగిలించిన. తగిలించినంక బిళ్ళ జరసేపు ఊగింది, ఆగింది. రెండు మేకులు నిండినయి. రిజిస్టర్ తీసి "మూడు గంటలు. అందరు వచ్చిండ్రు" అని రాసిన. సంతకం పెట్టిన. రెండేండ్ల షిఫ్టు ఇయ్యాల మూసిన. ఏడ్చిన, దాచుడెందుకు.

పిల్లి ఒళ్ళెకు వచ్చి కూసున్నది. వీపు మీద చెయ్యి పెడితే లోపల గుర్రుమని అదురుతున్నది. బాయి ఫ్యాను హౌసు గోడ మీద చెయ్యి పెడితే అట్లనే ఉంటది, లోపలోళ్ళకు గాలి అందుతున్నదని తెలుస్తది. నాకు వినపడలే గాని చేతికి తెలిసింది.

జరసేపటికి గిన్నె కడుగుదామని లేచిన. వచ్చేసరికి పిల్లి లేదు. నాకేం ఫికర్ కాలే. తలుపు తీసే ఉన్నది, వస్తది. బిళ్ళ ఇంట్లనే ఉన్నది గద.

రేపటిసంది ఆ గిన్నెల పాలు పొయ్య. ఆమెకు పాలు పడవు. డ్యూటీ దిగొచ్చిన మనిషికి చాయ్ పెట్టాలె. మీ తొమ్మిదో నియమం నాకు యాదున్నది, తిట్టకుండ్రి. చెక్క ఇరవై ఐదుకు పీకి గోలివాడకు తీసుకపోత, రెండు బిళ్ళలతోటి.

మీ కాయితం అల్మారి వెనుక దొరికింది. నేను చదవలే, ఇందులో పెట్టిన.

ఇట్లు మీ అన్న,
సదయ్య, 1146

తా.క.: భూపాల్‌కు చెప్పు, గడప దాక వచ్చి చాయ్ తాగకుండ పోవుడు మర్యాద కాదు. పెట్టె గూడ ఇయ్యలే.


మంచిర్యాల,
ఆగస్టు 16

సదయ్య అన్నయ్యకు,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

భూపాల్‌కు సోమవారం నుంచి జ్వరం. మంగళవారం బస్సు ఎక్కలేదు. అట్టపెట్టె ఖాళీగా మా వరండాలోనే ఉంది. రాలేదేమని మీరు గడప మీద ఎదురుచూస్తుంటారని బాధపడుతూ, పంపలేకపోయానని రాయబోతుంటే మీ ఉత్తరం అందింది.

నంబరమ్మ మంగళవారం ఇల్లు కదలలేదు. రెండున్నర నుంచి నాలుగింటి దాకా నా ఎదురుగా, మీ ఫారం మీద పడుకుని నిద్రపోయింది. నేను అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను. ఇప్పుడూ నా కాళ్ళ దగ్గరే ఉంది. మీ ఉత్తరం చదివాక ఒంగి దాని మెడ చూశాను. ఆకుపచ్చ తాడు ఉంది. ముడి ఉంది, విప్పిన జాడ లేదు, రెండేళ్ళ మురికితో బిగుసుకుని ఉంది. బిళ్ళ మాత్రం లేదు.

మూడుసార్లు లెక్క వేశాను. మూడుసార్లూ తేడా వచ్చింది. ఇక వెయ్యను.

ఆ కాగితం మీద నేను అడిగింది ఇది: "అమ్మా, మీ ఆయన పిల్లిని పెంచగలరని మీరు అనుకుంటున్నారా? అవును, కాదు. అక్కరలేనిది కొట్టెయ్యండి." మీరు పంపిన కాగితం నా ముందుంది. "కాదు" అన్న మాట మీద మూడు గోటి గీతలున్నాయి. అడ్డంగా, పక్కపక్కన, తిన్నగా. మీరు తయారుగా ఉన్నారో లేదో చెప్పడానికి నేనెవర్ని, చెప్పాల్సినవాళ్ళు చెప్పారు.

వచ్చే ఆదివారం, 24న, నంబరమ్మను నేనే తీసుకుని వస్తున్నాను. వంతెన మీద ఆటో ఆపి కాసేపు నడిపిస్తాను, అది దానికి నేను బాకీ. గుమ్మం దగ్గర చెప్పులు విప్పే ముందు నాకు ఏదైనా బిళ్ళ ఇస్తారా? వచ్చినట్టు తగిలిస్తాను, వెళ్ళేటప్పుడు తీసుకుంటాను. మీ ఇంట్లోకి లెక్క లేకుండా రావాలంటే నాకు భయంగా ఉంది.

మీ చెల్లెలు,
ప్రసూన

తా.క.: ఈ ఉత్తరం ముగిస్తుండగా మూడు దాటింది. నంబరమ్మ నిద్రలేచి మూతి నాకుకుంటోంది. నేనేమీ పెట్టలేదు. దగ్గరికి తీసుకుని వాసన చూశాను. తొమ్మిదో నియమం పిల్లులకు, మీరు పోసింది పిల్లికి కాదు కాబట్టి తిట్టను. అల్లం మాత్రం కాస్త ఎక్కువైంది, ఇక మీదట తగ్గించండి.